మెలకువ పరీక్ష

తలుపు మూసుకుంది. తలకి తీగలు అంటించిన తీగలమ్మాయి వెళ్తూ చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పే వెళ్లింది. దిండుకు ఆనుకుని కూర్చోండి మేడమ్, ఎదురుగా గోడకేసి చూడండి, దీపం వైపు చూడకండి, వీలైనంతసేపు మెలకువగా ఉండండి. ఆ నాలుగు ముక్కలూ రాసింది మంచం మీద కూర్చున్న ఈ డాక్టరమ్మే. ఈ గది కట్టించింది ఆమే, కిటికీకి రెండు పొరల తెర వేయించింది ఆమే, దీపం తల వెనక నేల మీద ఉండాలని పట్టుబట్టింది ఆమే, గోడకు ఈ రంగు ఎంచింది కూడా ఆమే, చూస్తూ కూర్చుంటే కళ్లు మూతలు పడాలని. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఆమె పడలేదు, దిండు వేసి మరీ కూర్చోబెట్టారు. తల మీద జుట్టు పాయలు విడదీసి, జిగురు పెట్టి తీగలు అంటించారు. ఆ కంటి చివర ఒకటి, ఈ కంటి చివర ఇంకొకటి, గడ్డం కింద ఒకటి. పైన మూలకి కెమెరా. పుస్తకం పట్టకూడదు, ఫోను పట్టకూడదు, పాడకూడదు, గిల్లుకోకూడదు. ఊరికే కూర్చుని మెలకువగా ఉండాలి. పొద్దుటినుంచి నాలుగు విడతలు, ఇది ఆఖరిది. మూడింట్లో నిలబడింది. ఇది కూడా గట్టెక్కితే, రోగి ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి దింపే గొట్టం మళ్లీ ఆమె చేతికిస్తారు. మధ్యలో కునుకు పడితే ఇవ్వరు. పక్క గదిలో తెర ముందు కూర్చుని ఆ సంగతి తేల్చేవాడు ఆమె దగ్గర చదువుకున్నవాడే.

మూడు విడతలూ ఆమెను నిలబెట్టింది అసహ్యం. కోపం కాసేపటికి ఆవిరైపోతుంది. దుఃఖమైతే జోకొడుతుంది. సంతోషం సంగతి సరేసరి. అసహ్యం ఒక్కటే ముక్కు దగ్గర ఏదో పెట్టినట్టు తల వెనక్కి లాగి కళ్లు తెరిపిస్తుంది. ఈ తీగల జిగురు వాసనతోనే మొదలుపెట్టొచ్చు, పిండి పులిసిన వాసన, చెవి వెనక కారుతోంది, తుడుచుకోకూడదు. జిగురు. బంక. కఫం. ఛాతీ వార్డులో మొదటి పొద్దున మంచం మంచం కిందా మూత ఉన్న గ్లాసు, ఒక్కో గ్లాసులో ఒక్కో మనిషి రాత్రంతా దగ్గి తీసింది. పెద్దాయన, అంటే వార్డు ప్రొఫెసరు, ఆయన్ని వెనక అందరూ అలాగే అనేవాళ్లు, మూత తీసి గ్లాసు వంచి కిటికీ వెలుగులో పెట్టి, చెప్పమ్మా ఎన్ని పొరలు, అన్నాడు. పైన నురగ, మధ్యలో నీళ్లు, అడుగున చీము. ఆమె రెండన్నది. ఇంకా దగ్గరికి రా, అన్నాడు. ఆమె వచ్చింది. వాసన చూడు, అన్నాడు. వెనక వరసలో ఒకడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "నువ్వు గుండె డాక్టరువవు నాయనా," అన్నాడు పెద్దాయన, "గుండెకి వాసనుండదు." అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, నోరు తెరిస్తే లోపలిది బయటికొచ్చేలా ఉంది. ఊపిరితిత్తిలో కుళ్లు పట్టిన మనిషి ఆ వరసలో చివరి మంచం. ఆయన మాట్లాడితే పక్క మంచాల వాళ్లు గోడవైపు తిరిగేవాళ్లు, పెళ్లాం మాత్రం తిరిగేది కాదు, స్టూలు మీద కూర్చుని ఆయన నోటికెదురుగానే కబుర్లు చెప్పేది. అది చూసి జాలి కలగాలి. ఆమె కూడా గోడవైపు తిరిగింది. హాస్టల్ మెస్సులో కంచం ముందు కూర్చుంటే గ్లాసులు కనిపించేవి. తినేది. తినకపోతే మర్నాడు రౌండ్సులో కళ్లు తిరిగేవి.

పెద్దాయన గదిలో పొగ. పొద్దున వార్డులో ఒక్కొక్కణ్ణీ, కాల్చి కాల్చి ఛాతీని పొయ్యి గొట్టం చేసుకున్నావురా, అని తిట్టి వచ్చి, గదిలో తలుపేసుకుని కాల్చేవాడు. బూడిద రాల్చుకోవడానికి ఆపరేషన్లలో వాడే స్టీలు పళ్లెం. థీసిస్ మీద సంతకానికి వెళ్తే ఆ పళ్లెం పక్కకి జరిపి పెట్టేవాడు, పేజీల మీద బూడిద. ఆయన చేతులు మాత్రం. గొట్టం పట్టుకుంటే ఆ చేతులు వణికేవి కావు. ఆమె చేతి మీద చెయ్యి వేసి, బొటనవేలితో మీట కిందికి నొక్కు, పైకెత్తకు, రోగి దగ్గితే నువ్వు ఆగు, దగ్గు అయ్యాక వెళ్లు, అది వాడి ఇల్లు, నువ్వు చుట్టానివి, అనేవాడు. ఆ మాట బాగుంది. వద్దు, బాగున్నవి వద్దు. వేళ్ల సందుల్లో పసుపు మరకలు, అవి తలుచుకో. ఆఖరికి అదే గొట్టం ఆయన ముక్కులోంచి ఆమే దింపింది. ఊపిరి గొట్టం రెండుగా చీలే చోటే గడ్డ, కాలీఫ్లవర్ పువ్వులా, ముట్టుకుంటే నెత్తురు. తెర మీద అది చూస్తూ ఆయన మత్తులోనే వేలెత్తి, ఎన్ని పొరలు, అన్నాడు. అప్పుడూ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మనిషి లోపల గడ్డ చూస్తూ నవ్వగలిగే జనం. వాళ్లలో ఒకటిగా ముప్ఫై ఏళ్లు.

గోడ. గోడనే చూడాలి. గోడ మీద రోలరు జారిన చార ఉంది, దాన్ని పట్టుకోవచ్చు. ఊపిరితిత్తుల డాక్టరు నిద్ర డాక్టరు ఎందుకైందంటే ఆసుపత్రి మారింది కాబట్టి. కొత్త ఆసుపత్రిలో గ్లాసులు లేవు, కఫం అన్న మాటే ఎవరూ అనరు. శాంపిల్ అంటారు. నవ్వుల మేనేజరు, నవ్వకుండా మాట్లాడలేడు కాబట్టి నర్సులు పెట్టిన పేరు, వచ్చి, మేడమ్ రాబోయేదంతా నిద్రేనండీ, అన్నాడు. ఏదో శాపం పెట్టినట్టుగా. ఈ గదిలో మంచం హోటల్ మంచం, దుప్పటి మడత హోటల్ మడత, ఇక్కడ పడుకునేవాళ్లని రోగి అనొద్దట, అతిథి అనాలట. అతిథులు వచ్చారు. రాత్రంతా తీగలు కట్టించుకుని పడుకున్నారు. పొద్దున్నే ఆమె వచ్చి తెర ముందు కూర్చుని వాళ్ల నిద్ర చూసేది. కోటు వేసుకుని వచ్చిన మనిషి, నలుగురిలో మాట పడనివ్వని మనిషి, తెర మీద నోరు తెరుచుకుని, చెంప దిండుకి నలిగి, పెదవి చివర చొంగ తీగలా సాగి, పొట్ట ఎగిరెగిరి పడుతూ, గాలి అందక గొంతులోంచి పంది అరుపు లాంటిది తీస్తూ. మనిషి మేలుకుని ఉన్నప్పుడు వేసుకున్నదంతా నిద్రలో విప్పేస్తాడు. బట్టలు విప్పినా అంత బరితెగింపు ఉండదు. ఎన్ని వందల నోళ్లు చూసిందో. ఆ మనిషే మర్నాడు ఎదురుగా కుర్చీలో కూర్చుని, నేను బాగానే పడుకుంటాను డాక్టర్, మా ఆవిడదే అనుమానం, అంటే ఆమె అతని నోటి వంక చూడలేకపోయేది.

తర్వాత మాస్కులు, నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలి పంపేవి. సరిగా పనిచేయడం లేదని సంచిలో వేసుకుని తెచ్చి బల్ల మీద పెడతారు. ముక్కు ఆనే చోట బూడిద రంగు జిడ్డు, గొట్టంలో నిలవ నీళ్లు, ఒకసారి గొట్టం దులిపితే బొద్దింక పడింది. కడుగుతున్నారా అంటే, మనిషినే కడుక్కోవడానికి తీరిక లేదు తల్లీ, అందొక పెద్దావిడ. నిద్ర వారోత్సవం. మేనేజరు హాలంతా బుడగలు కట్టించాడు. డాక్టర్లందరికీ కుచ్చుటోపీలు, ఆమె చేతికి ఎలుగుబంటి బొమ్మ. ఒక్క ఫోటో మేడమ్, నవ్వండి. నవ్వింది. ఆ ఫోటో లిఫ్టు పక్కన చాలాకాలం ఉంది, ఎలుగుబంటి ముఖంలోనే కాస్త మర్యాద కనిపించేది. ఆ లిఫ్టులోనే ఆమెకు మొదటిసారి కునుకు పట్టింది. నిలబడి. నాలుగో అంతస్తు నొక్కింది, తలుపు తెరుచుకునేసరికి మళ్లీ కిందే ఉంది. ఎక్కినవాళ్లు నమస్తే మేడమ్ అన్నారు. ఏదో ఆలోచనలో ఉన్నాను, అంది ఎవరూ అడక్కుండానే. తర్వాత మీటింగుల్లో. తర్వాత సిగ్నల్ దగ్గర, వెనక బళ్లు హారన్ కొట్టేదాకా. మీటింగుల్లో ఎవరు మాత్రం మేలుకుంటారు, అనుకుంది. వయసు, అనుకుంది. నెలసరి ఆగాక మెడ చుట్టూ చేరిన కొవ్వు గొంతును నొక్కుతుందని క్లాసులో ఏళ్ల తరబడి చెప్పింది ఆమే. అద్దంలో మెడ చూసుకుని చీర కొంగు సర్దుకున్నదీ ఆమే.

ఆ రోజు గొట్టం లోపలుంది. ముసలాయన, మత్తులో. తెర మీద గులాబీ గోడలు, రెండుగా చీలే చోటు, ఎడమకి తిరగాలి. తర్వాత తెర మీద ఎరుపు తప్ప ఏమీ లేదు, గొట్టం కొస గోడకు గుచ్చుకుని ఆగి ఉంది, ముసలాయన మంచం ఊగేలా దగ్గుతున్నాడు, సిస్టరు ఆమె మోచెయ్యి పట్టుకుని, మేడమ్, మేడమ్, అంటోంది. ఆలోచిస్తున్నాను, అంది ఆమె. ముసలాయనకి కాస్త నెత్తురు వచ్చి తగ్గిపోయింది. సాయంత్రానికి శిష్యుడు ఆమె గదిలోకి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"సిస్టరు చెప్పిందా?"

"చెప్పాల్సి వచ్చింది మేడమ్. ముందు ఒక రాత్రి ఇక్కడ పడుకోండి. చూద్దాం. మాస్కు కావాలంటే పెడదాం. ఆ తర్వాత మెలకువ పరీక్ష."

"ముందు మెలకువ పరీక్షే పెట్టు. మేలుకుని ఉంటే రాత్రి గొడవెందుకు?"

"వరస అది కాదు కదా మేడమ్."

"వరస నాకు చెబుతున్నావా?"

అతను నేల చూశాడు. వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "కెమెరా లేకపోయినా పర్లేదు మేడమ్. తీగలు చాలు," అన్నాడు. ఆ గొంతులో వినయం. ఆ వినయం గ్లాసు అడుగున ఉండే పొర లాంటిది, వంచితేగాని కనపడదు. కెమెరా ఉండనీ, అంది ఆమె. అతని మీద వేసిన అసహ్యం రెండో విడత మొత్తానికి సరిపోయింది. కానీ రాత్రి ఎందుకు వద్దందో అతనికి తెలియదనుకోవడం కూడా వెర్రే. పొద్దున్నే టీ కప్పులతో వచ్చి వీళ్లంతా తెర ముందు చేరతారు. నోరు. చొంగ. పొట్ట. ఆ అరుపు. మేడమ్ అరుపు. వాళ్లకి చూడటం నేర్పిందీ, చూస్తూ ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా ఉండటం నేర్పిందీ ఆమే. వాళ్లు ముఖంలో ఏమీ కనపడనివ్వరు. అదే భరించలేనిది.

చార. చార ఎక్కడుంది. గోడ మీద చార లేదు, ఉంది, అది కాస్త కిందికి జరిగింది. ఏసీ శబ్దం ఒక్కటే. గ్లాసులు. గ్లాసులు తలుచుకుంది, వాసన రాలేదు. ఉత్త గాజు గ్లాసులు, కిటికీ వెలుగు. బొద్దింక తలుచుకుంది, బొద్దింక తన దారిన తాను పోయింది. ఎలుగుబంటి మెత్తగా ఉంది. వాడి వాడి అసహ్యం అరిగిపోయినట్టుంది, సబ్బు అరిగినట్టు, చేతిలో పలక. ఆయన గుర్తొచ్చాడు. ఆమె భర్త, పక్కలో. గురకకి కాదోయ్ నా బాధ, అనేవాడు, గురక పెడితే బతికే ఉన్నావని తెలుస్తుంది. ఆపేస్తావు చూడు, అది. మళ్లీ మొదలెట్టేదాకా నా ఊపిరి కూడా ఆగుతుంది. ఊపిరి గురించి నాకు చెబుతున్నారా, అంది ఆమె. అవును డాక్టరమ్మగారూ, అన్నాడు, మీకు జీతమిచ్చి చెప్పించుకునేవాళ్లున్నారు, మీకు చెప్పేందుకు నేనొక్కణ్ణే కదా. ఆమె దుప్పటి తీసుకుని వేరే గదిలోకి వెళ్లింది. కొన్నాళ్లకి ఆయన తన చాప, దిండు తెచ్చుకుని ఆ గది గుమ్మంలో పడుకోవడం మొదలుపెట్టాడు. ఊపిరి ఆగినప్పుడల్లా చెయ్యి చాచి మంచం కోడు తట్టేవాడు. ఆమెను తట్టేవాడు కాదు. కోడు. టక్, టక్. ఆ టక్ నిద్రలోకి ఎక్కడినుంచో వచ్చేది, చెరువు అవతల ఎవరో బట్టలుతుకుతున్నట్టు, ఆమె అటు తిరిగేది, గాలి వచ్చేది. టక్, టక్. వేలు మీట మీద ఉంది, కిందికి నొక్కు, పైకెత్తకు, ఇల్లు ఎవరిది, గుమ్మంలో చాప ఉంది, దాటి వెళ్లాలి, చుట్టానివి కదా, దగ్గు అయ్యాక వెళ్లు, దగ్గు అయింది, నీళ్లు తెల్లగా ఉన్నాయి, పెద్దాయన అవతలి గట్టున గ్లాసు వంచి

నాలుక. పళ్ల మధ్య నాలుక పెట్టి కొరికింది. నొప్పి చెవుల దాకా వచ్చింది, గోడ వచ్చింది, గోడ మీద చార వచ్చింది. కళ్లు పూర్తిగా మూసుకోలేదు, కాదు, తెలియదు. మళ్లీ కొరికింది. నోరు మూసే ఉంది, ముఖం కదల్లేదు, కెమెరాకి ఏమీ దొరకదు. గడ్డం కింది తీగకి దొరుకుతుంది, కానీ తీగకి నొప్పి తెలియదు, దవడ బిగిసిందని మాత్రం గీస్తుంది, గుటక వేసినా అలాంటిదే ఇంకొకటి గీస్తుంది. తేడా తెలిసినవాడు పక్క గదిలో ఒక్కడే. ఇంకోసారి. ఉప్పగా వచ్చింది. మింగింది. నెత్తురు, ఉమ్ము, ఒక్కో గుటకా గొంతులోంచి దిగింది. ఎంత వెతికినా దొరకని అసహ్యం ఇప్పుడు నోటి నిండా ఉంది.

లారీ డ్రైవరు. ఇదే మంచం, ఇదే పరీక్ష. అతను ఇలా కూర్చుని గోడ చూస్తుంటే ఆమె తెర ముందు ఉంది. గీతలన్నీ బాగున్నాయి, మరీ బాగున్నాయి. కుడి గుప్పిలి తెరవడం లేదు. లేచి వచ్చి దీపం వేసి, చెయ్యి చూపించు, అంది. చూపించలేదు. వేళ్లు తనే విప్పింది. పిన్నీసు. అరచెయ్యంతా జల్లెడ. దుప్పటి మీద హోటల్ మడత పక్కన చుక్కలు. "నన్ను మోసం చేస్తే పోనీలే," అంది, "రోడ్డు మీద నీకెదురొచ్చేవాణ్ణి కూడా పిన్నీసుతోనే ఆపుతావా?" "సరదాకి పొడుచుకోలేదమ్మా," అన్నాడు. "నిద్రొస్తుందని నాకు తెలుసు. మీకు తెలియకూడదనే." బండి తోలడానికి పనికిరాడని రాసింది. చేతులు కడుక్కుంది. ఆ అరచెయ్యి చూసి ఆమెకు కలిగింది జాలి కాదు, అది ఇప్పుడు మార్చి చెప్పుకోవడానికి లేదు. ఛీ అనిపించింది. ఇంత నీచానికి దిగుతారా కూటికోసం, అనిపించింది. ఆమెకు కూటికి లోటు లేదు. గొట్టం పోయినా కుర్చీ ఉంటుంది, ఓపీ ఉంటుంది, నిద్ర వారోత్సవం ఉంటుంది. అయినా కొరుకుతోంది. గోడ చూస్తోంది, కొరుకుతోంది, మింగుతోంది.

తలుపు తెరుచుకుంది. పెద్ద దీపం వెలిగింది. తీగలమ్మాయి దూది, నీళ్ల గిన్నె పట్టుకుని నవ్వుతూ వచ్చింది, వెనక శిష్యుడు.

"అయిపోయింది మేడమ్. నాలుగూ దాటేశారు. సోమవారం నుంచి గొట్టం మళ్లీ మీదే."

"గడ్డం గీత చూశావా?"

"చూశాను మేడమ్."

"ఏముంది?"

"గుటకలు వేశారు."

"అన్ని గుటకలా?"

"దాహం వేసిందేమో అనుకున్నాను."

"అనుకోలేదు నువ్వు. గుటకేదో, పళ్లు బిగించడమేదో నీకు నేర్పింది నేను."

ఆమె నాలుక బయటపెట్టింది. ఓపీలో రోగులు పెట్టినట్టే, పొడుగ్గా. తీగలమ్మాయి నవ్వు ఆగిపోయింది. శిష్యుడు ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు. అతని ముఖంలో అది కనిపించింది, దాచడం మర్చిపోయాడు, ముక్కు పక్కన చర్మం ముడుచుకుంది. ఆమెకు ఎందుకో తేలికైంది.

"నాలుగోది చెల్లదని రాయి."

"రాస్తే గొట్టం ఇవ్వరు మేడమ్. మళ్లీ ఎప్పటికో."

"తెలుసు."

"ఆ ముసలాయనకి ఏం కాలేదు. ఎవరికీ ఏం కాలేదు."

"అయ్యాక రాస్తావా?"

అతను జేబులోంచి పెన్ను తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. తీగలమ్మాయి ఏం చేయాలో తెలియక దూది తడిపి చెవి వెనక జిగురు తుడవబోయింది.

"తీయకమ్మా," అంది ఆమె. "ఉండనీ. దిండు కిందికి లాగు. ఛాతీకి పట్టీలు కట్టు, ముక్కు దగ్గర గాలి తీగ పెట్టు. రాత్రి పరీక్షకి రమ్మన్నారుగా, ఇప్పుడే పడుకుంటాను."

"పగటిపూట నిద్ర పడుతుందా మేడమ్?"

"దానికి పగలూ రాత్రీ తెలిస్తే ఈ గొడవెందుకు. కట్టు."

పట్టీ కడుతుంటే పొట్ట బిగించలేదు. వదిలేసింది. అలా వదిలేయడం కూడా అసహ్యంగానే ఉంది, వార్డులో మూత తీసి పెట్టిన గ్లాసులా ఉన్నట్టనిపించింది. వెల్లకిలా పడుకుంది. అలా పడుకోవద్దనే అందరికీ చెబుతుంది.

"ఇద్దరూ తెర ముందు కూర్చోండి," అంది పైకప్పు చూస్తూ. "నోరు తెరుస్తాను. చొంగ కారుతుంది. శబ్దాలొస్తాయి. మేడమ్ కదా అని ఏదీ వదలకండి."

"అలాగే మేడమ్," అన్నాడు శిష్యుడు.

పెద్ద దీపం ఆరింది. వాళ్లు తలుపు చేరేలోపే గురక మొదలైంది. ఒకటి, రెండు, మూడోది సగంలో తెగింది. ఛాతీ ఎగురుతోంది, గాలి లేదు. తీగలమ్మాయి గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. శిష్యుడు వెనక్కి తిరిగాడు. ఏసీ శబ్దం ఒక్కటే. మంచం మీదినుంచి ఆ అరుపు వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.